మగ్గం గుంతకు నీలం

రెండు మగ్గాలల్ల ఒకటి అమ్మినంక
ఇంట్ల ఒక అర్ర ఖాళీ అయింది.
నూలు దుమ్ము ఇంకా గాలిల దిగనేలేదు,
తొమ్మిదేండ్ల నా బిడ్డ సంహిత
గడపల నిలవడి అన్నది:
"గిది నాది."

చౌరస్తా కాడ రంగుల దుకాణంల
మడతల కార్డు చేతికిచ్చిండ్రు.
ఇప్పుతుంటే నెమలి పురి ఇప్పినట్టే ఉన్నది.
కింద ఇంగ్లీషు పేర్లు.
సదివింది గని ఒప్పుకోలేదు.
ఇది బడి ముంగట పుల్ల ఐసు.
ఇది మా టీచరు శనివారం చీర.
ఇది రామచిలుక కాదు డాడీ, రామచిలుక పిల్ల.
ఇది... నాలిక మీది అల్లనేరేడు.
దుకాణం పిలగాడు నవ్వుకుంట
డబ్బాల మూతల మీద గవే పేర్లు రాసిండు.

నేను గూడ రంగుల మనిషినే,
కొత్తవాడల పుట్టినోన్ని.
చిలపలు కాగుల ముంచి తీసిన చేతులివి,
గోర్ల సందుల ఎరుపు ఏ సబ్బుకూ పోలే.
గని మూడేండ్ల సంది ఆర్డర్లన్ని
బూడిద రంగు, ఇసుక రంగు,
చల్లారిన చాయ రంగు.
దూరదేశపోళ్ల ఇండ్లల్ల
నేల గూడ మెల్లగ మాట్లాడాల్నట.

పొద్దంత బూడిద నేసి
రాత్రి కుంచె పట్టిన.
తలుపుకు పుల్ల ఐసు.
కిటికీకి ఒక్కో ఊచకు ఒక్కో రంగు.
ఏడు ఊచలు, ఆరు డబ్బాలు.
ఏడోదానికి అన్ని కలిపి పూసింది.
అదేం రంగో
ఇప్పటికీ మా ఇంట్ల పంచాదే.

ఉత్తరం గోడ కాడ నా చెయ్యి ఆగింది.
మా బాపు బొగ్గుతోని రాసిన లెక్కలు:
శత్రంజీలు ఎన్ని, కూలి ఎంత,
సావుకారు బాకి 2400.
రెండు పూతలేస్తే కనవడకుండ పోతయి.
లప్పం కలుపుతుంటే
"ఆగు డాడీ" అన్నది.
సున్నలకు కాళ్లు గీసింది, ఎనిమిదెనిమిది.
ఎరుపు నింపింది.
మిరుగంల తిరిగే ఆరుద్ర పురుగులు
మా బాపు బాకిలకెల్లి బయటవడి
గోడ ఎక్కుతున్నయి.
రెండు మెడ వంచి బాతు అయింది.
నాలుగును ఏం జెయ్యాల్నో తెల్వక
రెండు రోజులు దాని ముంగట కూసున్నది.
ఆఖరికి అట్లనే ఇడిసిపెట్టింది.
"ఇది తాతది."

ఇగ గుంత.
మగ్గం కింద కాళ్లు పెట్టే గుంత.
మా బాపు కాళ్లు, ఆయినెనుక నా కాళ్లు
ఆడి ఆడి అంచులు నున్నగైనయి.
పూడ్చి బండెయ్యకుంటె మంచం పట్టదు.
మేస్త్రి రాజలింగం వచ్చిండు, ఇసుక వచ్చింది.
మా ఇంటామె సరూప ఏమనలే,
అంచును ఒక్కసారి చేత్తోని తడిమింది.
పిల్ల అందుల దిగి కూసున్నది.
"పూడుస్తె నేను గిండ్లనే ఉంట."
రాజలింగం బీడి ముట్టిచ్చుకొని
ఇసుక కుప్ప మీదనే కూలవడ్డడు.

నాలుగు దిక్కుల నీలం.
అడుగున ఆకుపచ్చ, అది నాచంట.
మూడు చేపలు,
ఒకదాని చెవులకు కమ్మలు.
ఆరిందా లేదా సూడకుండ
కాళ్లు ఏలాడేసింది.
నా కాళ్లు తొక్కిన చోటికి
దాని కాళ్లు ఇంకా అందలే.
అందకపోతేంది,
నీళ్లల్ల ఆడిచ్చినట్టే ఆడిస్తున్నది.

అటక మీద మిగిలిపోయిన రంగు నూలంత తీసి
సరూప ఒక చిన్న శత్రంజి నేసింది.
డిజైన్ కాగితం లేదు.
ఏది చేతికొస్తే అది.

నిన్న సావుకారు మనిషి వచ్చిండు
బూడిద శత్రంజీలు లెక్కవెట్ట.
నలభై కాడ ఆగి
అర్రల తొంగి సూశిండు.
"చెప్పులిడ్సి రా సారూ,
నీళ్లున్నయి" అన్నది నా బిడ్డ, తల ఎత్తకుండ.
ఇడిసిండు.
శానసేపు నిలవడ్డడు.
బయటికొచ్చినంక లెక్క యాదిలేక
మల్ల ఒకటికాడికెల్లి మొదలువెట్టిండు.

ఆయన మడిమెకు రామచిలుక పిల్ల రంగు అంటింది.
నేను చెప్పలే.